దేవుడి మీద అలిగిన ఆదివారం

ఆ రోజులు మళ్ళీ రావని, మా ఈడువాళ్ళు నలుగురు చేరితే చాలు, ఒకటే నిట్టూర్పులు. నాకు మాత్రం ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. రాకపోతేనే మంచిది. వస్తామంటే నేను తలుపు గడియ పెట్టుకుని లోపల కూర్చుంటాను. నా చిన్నతనం ఎక్కడ గడిచిందో చెబితే నాకెందుకంత మంటో మీకే అర్థమవుతుంది. అద్దంకికీ దర్శికీ మధ్య ఎక్కడో బస్సు దిగి, పత్తిచేల గట్ల మీద కాళ్ళు పీకేదాకా నడిస్తే, చుట్టూ ముళ్ళకంచె, లోపల వరసగా పెంకుటిళ్ళు, మధ్యలో పొడుగాటి హాలు ఒకటి కనిపించేది. అదే మా సమాజం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు దాన్ని 'జర్మనోళ్ళ దొడ్డి' అనేవాళ్ళు. (దొడ్డిలో ఉండేవి ఏమిటో మీకు తెలుసు. వాళ్ళకీ తెలుసు.) చూడబోతే లోపల ఒక్క జర్మనోడు కూడా లేడు. అందరం మిరపచేలల్లో ఎండకి మాడిన కూలీల బిడ్డలమే.

సంగతేమిటంటే, మా తాతల కాలంలో జర్మనీ నుంచి ఒక దొరగారు వచ్చి, కరువుకి చెల్లాచెదురైన మా వాళ్ళని పోగుచేసి, కాస్త బంజరు సంపాదించి, ఇకమీదట మీలో ఎవరికీ నాది అనేది ఉండకూడదు, అంతా మనదే అని చెప్పి, ఉమ్మడి చేను, ఉమ్మడి వంట, ఉమ్మడి ప్రార్థన ఏర్పాటు చేశాడట. కొన్ని పాటలు, భోజనాల దగ్గరికి సరిపడా జర్మన్ భాష నేర్పాడు. తర్వాత ఒంట్లో బాగాలేక ఓడెక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. మనిషి పోయినా భాష మాత్రం మా నెత్తిన ఉండిపోయింది. హాల్లో అడుగుపెట్టాక తెలుగు మాట్లాడకూడదు. ఉప్పు అడగాలన్నా, నీళ్ళు అడగాలన్నా జర్మనే. మజ్జిగని ఏమంటారో దొరగారు చెప్పకుండానే ఓడెక్కడం వల్ల, మజ్జిగ కావలసినవాళ్ళం వేలు పెట్టి చూపించేవాళ్ళం. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అసలు సిసలు జర్మన్ దంపతులు ఇద్దరు మమ్మల్ని చూడ్డానికి వచ్చారు. మేమంతా వరసలో నిలబడి గొంతు చించుకుని స్వాగతగీతం పాడాం. వాళ్ళు ఎంతో మర్యాదగా చివరిదాకా విని, తెలుగు పాట చాలా బాగుందని ఇంగ్లీషులో మెచ్చుకున్నారు.

నవ్వుకోండి, నేనూ నవ్వుతాను. కానీ ఆ ఉమ్మడితనంలో పెరిగిన ఆడపిల్లకి నవ్వు అంత తేలిగ్గా రాదు. దర్శి దగ్గర ఉండే మా అమ్మమ్మ ఒక క్రిస్మస్‌కి నాకు పూల పూల పరికిణీ కుట్టించి పంపితే, అది మూడో నాటికి ఉమ్మడి బీరువాలోకి చేరి, ఆదివారానికల్లా మా పెద్దమ్మ కూతురి నడుముకి ఎక్కింది. నాకు ఎవరో వదిలేసిన చాక్లెట్ రంగు గౌను వచ్చింది. ఏడిస్తే, నాది అనే మాట సైతాను మాట అన్నారు. సైతానుకి నాతో ఉన్నంత చనువు ఆ సమాజంలో ఇంకెవరితోనూ లేదని అందరూ అనుకునేవారు. నా ముక్కు మీద ఎప్పుడూ కోపం ఉంటుందని మా నాన్న నన్ను 'నిప్పుకోడి' అనేవాడు. మిగతావాళ్ళూ అదే పట్టుకున్నారు.

మా ఆచారాల్లో అన్నిటికన్నా గట్టిది ఇంకొకటుంది, ఈ కథంతా దానివల్లే వచ్చింది. పొద్దు వాలేలోగా మనిషి కోపం వాలిపోవాలని మా నియమం. అందుకని సాయంత్రం పొద్దుండగానే భోజనం. అందరం బల్లల వెనక నిలబడేవాళ్ళం, ఒకవైపు మగవాళ్ళు, ఒకవైపు ఆడవాళ్ళు, ఎదురుగా పొగలు కక్కే అన్నం. మా పెద్దాయన 'ఫ్రీడె?' అని అడిగేవారు. శాంతియేనా అని అర్థం. వరసలో ఒక్కొక్కరూ 'ఫ్రీడె' అని బదులివ్వాలి. ఎవరికైనా ఎవరిమీదైనా కోపముంటే బదులివ్వకుండా ఆ మనిషి పేరు చెప్పాలి. ఇద్దరూ మధ్యలోకొచ్చి ఎదురెదురుగా నిలబడాలి. తప్పు చేసినవాళ్ళు తప్పయిపోయిందనాలి, రెండోవాళ్ళు చెయ్యి పట్టుకుని 'ఫ్రీడె' అనాలి. అక్కడితో ఆ గొడవ ఇంకెప్పుడూ ఎత్తకూడదు. తప్పు ఒప్పుకున్నవాళ్ళు మాత్రం దాన్ని వచ్చే ఆదివారంలోగా దిద్దుకోవాలి. పక్కింటి పాదు తొక్కినవాడు కొత్త పాదు పెట్టాలి, దువ్వెన విరగ్గొట్టిన పిల్ల ఇంకో దువ్వెన తేవాలి. ఇదంతా తేలేదాకా హాల్లో ఒక్కళ్ళు కూడా మెతుకు ముట్టకూడదు. దీనివల్ల మా సమాజంలో పగలు నిలిచేవి కావు. అది క్షమాగుణమని మా పెద్దలు మురిసిపోయేవాళ్ళు. ఆకలని నా అభిప్రాయం.

పెద్దాయన అన్నానే, ఆయన్ని మేం 'ఫాటర్‌గారు' అనేవాళ్ళం. ఫాటర్ అంటే వాళ్ళ భాషలో తండ్రి, దానికి మనవాళ్ళు గారు తగిలించారు. తెల్లటి గడ్డం, మెత్తటి గొంతు. ఒక్కనాడూ ఎవరినీ కసిరి ఎరగరు. అదే నాకు మరీ కష్టంగా ఉండేది. కేకలేసే మనిషైతే మనమూ తిరిగి కేకలేయొచ్చు. వాన పడినట్టు చల్లగా మాట్లాడుతూ మన బతుకుని ఇంకెవరి చేతుల్లోనో పెట్టేసే మనిషిని ఏం చేస్తాం?

ఆ ఇంకెవరో ఎవరయ్యా అంటే, దేవుడు. చిన్నాచితకా పనులకి మనుషుల సలహాలు చాలుగానీ, పెళ్ళిళ్ళకీ చదువులకీ దేవుణ్ణే అడగాలి. అడిగే పద్ధతి ఏమిటంటే, ఒక మట్టికుండలో మూడు చీటీలు వేసేవాళ్ళు. ఒకదాని మీద 'యా', అంటే సరే. ఒకదాని మీద 'నైన్', అంటే వద్దు. మూడోది ఖాళీ, అంటే ఆగు. ప్రార్థన చేసి ఎవరి సంగతైతే వాళ్ళే చెయ్యి పెట్టి తియ్యాలి. వచ్చిందే దైవాజ్ఞ. మా అమ్మానాన్నల పెళ్ళి కూడా ఆ కుండలోంచి వచ్చిందే. (వాళ్ళు ఎలా కాపరం చేశారని అడుగుతారేమో. అందరిలాగే చేశారు, సగం రోజులు మాట్లాడుకుంటూ, సగం రోజులు మాట్లాడుకోకుండా.)

తొంభయ్యో దశకం చివర్లో నేను పదో తరగతి రాశాను. కంచె బయట ఊళ్ళో ఉన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో నేనే ఫస్టు. జర్మనోళ్ళ పిల్లకి ఫస్టు రావడం ఊళ్ళోవాళ్ళకి వింతైతే, మావాళ్ళకి భయమైంది. మా హెడ్మాస్టరు గారు ఆ ఎండలో చేలగట్ల మీద నడిచి మా కంచె దగ్గరికొచ్చి, గుంటూరులో ఒక కాలేజీలో మాట్లాడాననీ, ఫీజు లేకుండా సీటు, హాస్టలు ఇస్తారనీ, అమ్మాయిని పంపితే చాలనీ ఫాటర్‌గారితో చెప్పి వెళ్ళారు. ఆ వారమంతా నాకు నిద్ర లేదు. గుంటూరంటే అప్పటికి నాకు తెలిసింది మిరపటిక్కీల, అంటే మిరపకాయ బస్తాల లారీ వెళ్ళే ఊరని మాత్రమే. అక్కడ నా పుస్తకం నాది, నా మంచం నాది, నా పరికిణీ నాది అనుకునేసరికి ఒళ్ళు ఝల్లుమనేది. ఫాటర్‌గారు చల్లగా, ఆదివారం దేవుణ్ణి అడుగుదాం అన్నారు.

ఆ ఏడు పది పాసైంది ఇద్దరం. రెండోవాడు మా పెద్దమ్మ కొడుకు. ప్రతి సబ్జెక్టులోనూ గట్టెక్కడానికి ఎంత కావాలో అంతే తెచ్చుకున్నవాడు. వాడికి ట్రాక్టరు తప్ప ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదు, దాని మీద కూర్చోనిస్తే అన్నం కూడా మానేసేవాడు. ఆదివారం ఉదయం ప్రార్థనయ్యాక ముందు వాడు కుండలో చెయ్యి పెట్టాడు. 'యా' వచ్చింది. వాడు బావురుమన్నాడు. ట్రాక్టరు ఎవరు తోల్తారని ఏడుపు. తర్వాత అమ్మ నా జడ సర్ది ముందుకి పంపింది. నేను చెయ్యి పెట్టాను. 'నైన్'.

ఫాటర్‌గారు నా తల నిమిరి, దేవుడికి నీ మీద ఇంకేదో మంచి ఆలోచన ఉందమ్మా అన్నారు. మధ్యాహ్నానికి ఆ మంచి ఆలోచన ఏమిటో కూడా తేలింది. వంటింట్లో మనుషులు తక్కువగా ఉన్నారట. కోపం చిన్నదైతే అరుస్తాం. ఆ రోజు దానికి నా గొంతు చాల్లేదు. వాడు ఏడుస్తూ పెట్టె సర్దుకుంటున్నాడు, నేను ఏడవకుండా ఉల్లిపాయలు తరుగుతున్నాను. మా ఇద్దరి చీటీలు తారుమారు చేస్తే ఇద్దరికీ సుఖమని పశువుకి కూడా తెలుస్తుంది. ఆ సంగతి అన్నీ తెలిసిన దేవుడికి ఎందుకు తెలియలేదో అడుగుదామంటే, అడగడమే పాపం.

ఆ సాయంత్రం కోడికూర. నెలకోసారి మాత్రమే దొరికే భాగ్యం అది. హాలంతా మసాలా వాసన. పసిపిల్లలు బల్లల కింద చేతులు పిసుక్కుంటున్నారు. ఫాటర్‌గారు 'ఫ్రీడె?' అన్నారు. వరస మొదలైంది, ఫ్రీడె, ఫ్రీడె, ఫ్రీడె అంటూ వచ్చి నా దగ్గర ఆగిపోయింది. నేను నోరు మూసుకున్నాను. నా పక్కన ఉండే ముసలామెని మేం 'ఉప్పు పెద్దమ్మ' అనేవాళ్ళం, ఏ కూరలోనైనా ఉప్పు చాల్లేదంటుంది కాబట్టి. ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది. నేను కదల్లేదు. ఫాటర్‌గారు తలెత్తి, ఎవరి మీద తల్లీ అని జర్మన్లోనే మెత్తగా అడిగారు. దొరగారు నేర్పిన జర్మన్లో ఉప్పుకీ రొట్టెకీ మాటలున్నాయిగానీ, నా కోపం పట్టేంత చోటు లేదు. అందుకని తెలుగులోనే చెప్పాను.

"దేవుడి మీదండీ."

ఫాటర్‌గారికి మొదట అర్థం కాలేదు, అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు. దేవుడి మీద కోపగించుకోకూడదమ్మా అన్నారు. అలాగని నియమంలో ఎక్కడా లేదు, కోపమున్నవాళ్ళు పేరు చెప్పాలని మాత్రమే ఉంది, నేను చెప్పాను అన్నాను. మగవాళ్ళ వైపు గుసగుసలు మొదలయ్యాయి. నియమం ప్రకారం ఇప్పుడు రెండోవాళ్ళు మధ్యలోకి రావాలి. దేవుడు వచ్చి నిలబడేదెలా? ఒకాయన, భోజనాలయ్యాక మాట్లాడుకుందాం అన్నాడు. అలా చేస్తే ఇన్నేళ్ళ నియమం ఏమైనట్టని ఇంకొకాయన లేచాడు. (అది ఫ్రీడె కోసం లేచిన మొదటి తగవు. ఆ తర్వాత ఇంకో రెండు వచ్చాయి.) ఎవరో కుండనే అడుగుదాం అన్నారు. గొడవ ఆయనతో అయితే తీర్పు కూడా ఆయన్నే అడుగుతారా అన్నాను. ఉప్పు పెద్దమ్మ హాలు మర్యాద మర్చిపోయి, ఫ్రీడె అని చావవే పిల్లా, కూర మీద నెయ్యిలా తేలిన కొవ్వు గడ్డకడతా ఉంది అని తెలుగులో వాపోయింది.

చివరికి ఫాటర్‌గారు తానే బల్ల చుట్టూ తిరిగి మధ్యలోకి వచ్చారు. నేను ఆయన సేవకుణ్ణి, ఆయన తరఫున నిలబడతాను, చెయ్యి ఇవ్వు అన్నారు. నేను చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

"అయితే తప్పయిపోయిందని చెప్పండి."

ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తన తరఫునైతే ఆ మనిషి వందసార్లు చెప్పేవారే. కానీ దేవుడి తరఫున తప్పు ఒప్పుకుంటే ఇక దేవుడేం మిగిలాడు? ఒప్పుకోకపోతే నేను ఫ్రీడె అనను. నేను అనకపోతే ఎవరికీ అన్నం లేదు. పడమటి కిటికీల్లో ఎండ ఎర్రబడుతోంది. పొద్దు వాలిపోతే సమాజం మొత్తానికి నియమం తప్పినట్టు. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. మా నాన్న తన కాళ్ళ వేళ్ళని మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంటున్నాడు. నాకు ఆయన మీద కూడా కోపమొచ్చింది. ఒక్క మాట అనకూడదా? కన్న కూతురు అందరి మధ్యా ఒంటరిగా నిలబడి ఉంటే వేళ్ళు లెక్కపెట్టుకుంటాడా?

అప్పుడు వంటింటి గుమ్మంలోంచి అమ్మ వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ నేరుగా మధ్యలోకి నడిచి, ఫాటర్‌గారిని కాస్త జరగమన్నట్టు చూసింది. ఆయన జరిగారు. హాల్లో అమ్మ గొంతు నేను అంతకు ముందు పాటల్లోనూ, 'ఫ్రీడె' అన్నప్పుడూ తప్ప విని ఎరగను.

"ఆయన తరఫున నేను చెబుతానండీ." తర్వాత నా వైపు తిరిగింది. "తప్పయిపోయిందమ్మా. నీకు అన్యాయం జరిగింది. మనసులో పెట్టుకోకు."

దేవదూషణ అని ఎవరో గొణిగారు. నాకు అది పట్టలేదు. పొద్దుటినుంచి అణిచిపెట్టిన ఏడుపంతా ఒక్కసారిగా ఎగదన్నుకొచ్చింది. ఏడుస్తూ కూడా నాకు కోపమే. ఇప్పుడు ఫ్రీడె అన్నానంటే ఆ గొడవ ఇక జన్మలో ఎత్తడానికి లేదు, గుంటూరు పోయినట్టే. ఇంత పోరాడి అమ్మ చేతిలో ఓడిపోయానే అని మంట. అయినా అల్లంవెల్లుల్లి వాసనేస్తున్న ఆ చెయ్యి పట్టుకోకుండా ఎలా ఉండగలను? పట్టుకుని, ముక్కు చీదుకుని, 'ఫ్రీడె' అన్నాను. హాలంతా ఊపిరి వదిలి కూర్చోబోయింది.

అమ్మ మాత్రం అక్కడినుంచి కదల్లేదు. ఇంకో మాటండీ ఫాటర్‌గారూ అంది. వంగబోయిన నడుములన్నీ మళ్ళీ నిటారుగా నిలబడ్డాయి.

"తప్పు ఒప్పుకున్నవాళ్ళు వచ్చే ఆదివారంలోగా దిద్దుకోవాలి గదండీ. దేవుడు ఒప్పుకున్నాడు మరి. పిల్లని గుంటూరు పంపించాల."

ఫాటర్‌గారు అమ్మని చూశారు. కిటికీ చూశారు. కూర చూశారు. ఆయన ఇంకేమైనా అనేలోపే ఉప్పు పెద్దమ్మ గట్టిగా 'ఆమెన్' అని కూలబడి కంచం ముందుకి లాక్కుంది. ఆ వెనకే హాలంతా ఆమెన్. ఇన్ని నోళ్ళు ఇంత ఒక్కటై పలకడం మా సమాజం చరిత్రలో లేదు. ఫాటర్‌గారు కళ్ళు మూసుకుని మెల్లిగా తలాడించారు. శనివారం నాడు మా నాన్న ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని నన్ను గుంటూరు బస్సెక్కించాడు. కిటికీ దగ్గర నిలబడి, నిప్పుకోడీ, జాగ్రత్తే అన్నాడు. అంతే అన్నాడు. (ట్రాక్టరు వీరుడు కూడా అదే బస్సులో ఏడుస్తూ వచ్చాడు. దీపావళి దాటకుండానే పారిపోయి వెళ్ళి ట్రాక్టరెక్కాడు. ఈసారి వాణ్ణి ఎవరూ కుండ దగ్గరికి పిలవలేదు.)

ఇక్కడితో అయిపోతే ఇది నవ్వుకోవలసిన కథే. దసరా సెలవులకి వెళ్ళేసరికి సాయంత్రం బంతిలో అమ్మ లేదు. వంటింటి వెనక మెట్టు మీద, ఒళ్ళో కంచం పెట్టుకుని ఒక్కతే తింటోంది. దేవుడి స్థానంలో నిలబడినందుకు ఏం చెయ్యాలని, నేను బస్సెక్కిన మర్నాడు కుండని అడిగారట. క్రిస్మస్ దాకా బంతికి దూరంగా ఉంచుదామా అని అడిగితే 'యా' వచ్చిందట. నా చదువుకి నైన్ అన్న కుండ, అమ్మని వెలివెయ్యడానికి మాత్రం వెంటనే యా అంది. నాకు ఉత్తరం రాయొద్దని అమ్మే అందరినీ ఆపిందట. నేను అక్కడికక్కడే హాల్లోకి వెళ్ళి బల్లలు తిరగేస్తానని లేచాను. అమ్మ నా పరికిణీ పట్టుకుని కూర్చోబెట్టింది. ఎన్నాళ్ళకి వేడన్నం తింటున్నానో తెలుసా, ఎవరికెవరితో గొడవలున్నా నాకు పట్టలేదు, వండగానే వడ్డించుకుంటున్నా అంది. క్రిస్మస్‌కి ఫాటర్‌గారు స్వయంగా వచ్చి బంతికి పిలిస్తే, ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉండనివ్వండి, అలవాటైందని అడిగిందట. ఆ సంగతి తర్వాత నవ్వుతూ చెప్పింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇప్పటికీ రాదు.

ఆ తర్వాత ఆ సమాజం మెల్లిగా పలచబడింది. ఫాటర్‌గారు పోయారు, పిల్లలు ఒక్కొక్కరే కంచె దాటారు, హాలుకి తాళం పడింది. నేను గుంటూరులోనే చదువుకుని, గుంటూరులోనే పాఠాలు చెప్పుకుంటున్నాను. ఇప్పుడు అమ్మానాన్నా నా దగ్గరే ఉంటారు. కాలేజీ రోజుల్లో నా బట్టలు చూసీ, అన్నం ముందు నేను అలవాటుగా లేచి నిలబడ్డం చూసీ హాస్టలు పిల్లలు నవ్వేవాళ్ళు. నేను మనసులో అనుకునేదాన్ని, నవ్వండే, మీలో ఎవరికైనా సాక్షాత్తూ దేవుడు క్షమాపణ చెప్పాడా? నాకు చెప్పాడు, సాక్షులున్నారు. ఆ పొగరుతోనే పరీక్షలు రాశాను, ఆ పొగరుతోనే ఉద్యోగం తెచ్చుకున్నాను. మా ఆయన మీద కోపమొస్తే రెండు రోజులు దాచుకుని మరీ పోట్లాడతాను. పొద్దు వాలినా సరే.

మొన్న ఎండల్లో ఏడాదికి సరిపడా కారం పట్టించడానికి అమ్మా నేనూ మిరపకాయల తొడిమలు తీస్తున్నాం. మాటల్లో ఆ ఆదివారం వచ్చింది. నీ పుణ్యమా అని దేవుడి చేత తప్పు ఒప్పించుకున్నానమ్మా అని గొప్పగా అన్నాను. అమ్మ తలెత్తకుండానే నవ్వింది.

"దేవుడి తరఫున చెప్పడానికి నేనెవర్తినే? ఆ పొద్దున నీ జడ సర్ది ఆ కుండ కాడికి పంపింది నేనే గదా. నా తరఫునే చెప్పుకున్నా. ఆయన పేరు పెట్టకపోతే వాళ్ళు వింటారా ఏంటి?"

ఏ తప్పూ చెయ్యని మనిషి నాకు క్షమాపణ చెప్పుకుంది, దానికి శిక్షా అనుభవించింది. నేనేమో ఇన్నేళ్ళూ దేవుడంతటివాణ్ణి వంచానని గుంటూరు వీధుల్లో తలెగరేసుకు తిరిగాను. ఆ తిరిగిన పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, పిచ్చి మొహం, ఎంత నమ్మకంగా నడిచేదో. దానికి ఇప్పుడీ సంగతి చెప్పి లాభం లేదు. కానీ లెక్క ప్రకారం చూస్తే, దేవుడు నాకింకా తప్పయిపోయిందని చెప్పనే లేదన్నమాట. నేను ఎదురుచూస్తున్నాను. ఈలోగా అన్నం మాత్రం వేళకి తింటున్నాను.